బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత ఇంట్లో మొదటి ఆరు వారాలు

ఆసుపత్రిలో నర్సులు మందు పోసి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటుంది చూడండి, పక్కన గీతలు గీసినది. అంచు దాకా పోస్తే 30 మిల్లీలీటర్లు పడుతుంది. జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని మూడో రోజు ఇంటికి వచ్చిన నేను, అలాంటి కప్పులు ఎనిమిదింటిని వంటింటి గట్టు మీద వరుసగా పెట్టి, నీళ్లు నింపి, గడియారం చూసుకుంటూ తాగాను. పావుగంటకు ఒకటి, రెండు గంటలకు ఎనిమిది. అంతకు పది రోజుల ముందు నీళ్ల సీసాను ఎత్తిన చేయి దించకుండా ఖాళీ చేసిన మనిషిని.

స్లీవ్ గానీ గ్యాస్ట్రిక్ బైపాస్ గానీ చేయించుకుని ఇంటికి వచ్చినవారికీ, వారిని చూసుకునేవారికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. డిశ్చార్జి రోజున మీ సర్జన్ చేతికిచ్చిన కాగితానికీ నేను రాసినదానికీ ఎక్కడైనా తేడా వస్తే ఆ కాగితాన్నే నమ్మండి. ఆహార దశల గడువులు ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో విధంగా ఉంటాయి.

ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి. ఈ ఆరు వారాల్లో మీ పని బరువు తగ్గడం కాదు. అది మీరు పట్టించుకున్నా పట్టించుకోకపోయినా జరుగుతుంది. మీ పని నీళ్లు తాగడం, ప్రొటీన్ అందించడం, నడవడం, మందులు వేళకు వేసుకోవడం. ముఖ్యంగా నీళ్లు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే

పొట్ట మీద కనిపించేవి నాలుగైదు చిన్న గాట్లే. పది రోజుల్లో అవి మానిపోతాయి కాబట్టి లోపల కూడా అంతా మానిపోయిందనుకుంటాం. నిజానికి స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం వరకు కత్తిరించి తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది, దాని పొడవునా స్టేపుల్స్ వరుస ఉంటుంది. బైపాస్‌లోనైతే జీర్ణాశయం పైభాగాన్ని దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా వేరు చేసి, చిన్న పేగును తెచ్చి దానికి కలుపుతారు. అంటే లోపల కొత్త అతుకులు ఉన్నాయి. అవి గట్టిపడేదాకా వాటి మీద ఒత్తిడి పడకూడదు. మెత్తని ఆహారమైనా, చిన్న గుక్కలైనా, బరువులు ఎత్తకపోవడమైనా అందుకే.

ఆపరేషన్‌కు వెళ్లేముందే ఇల్లు సర్దుకోండి

తిరిగి వచ్చాక వంగడం, పైకి అందుకోవడం కష్టం. రోజూ వాడే వస్తువులన్నీ నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు మధ్యకు మార్చేయండి. బాగా కిందికి ఉండే సోఫాలో, నేల మీద పరిచిన పరుపు మీద కూర్చుంటే లేవడానికి పొట్ట కండరాలతో పని పడుతుంది. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి సిద్ధం చేసుకోండి. థర్మామీటర్, కొలత గీతలున్న చిన్న కప్పులు, చిన్న చెంచాలు, చిన్న గిన్నెలు, మిక్సీ, వారానికి సరిపడా మాత్రలు వేసుకునే అరల పెట్టె ఉంటే చాలు.

ప్రొటీన్ పొడి మాత్రం పెద్ద డబ్బా కొనకండి. ఆపరేషన్ తర్వాత రుచీ వాసనా చాలామందికి మారిపోతాయి. నాకు ఎంతో నచ్చిందని ముందే రెండు పెద్ద డబ్బాలు తెచ్చిపెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక మూత తీయగానే కడుపులో తిప్పింది. చిన్న ప్యాకెట్లు నాలుగైదు రకాలవి ఉంచుకుంటే ఏదో ఒకటి దిగుతుంది. రుచి లేని పొడి ఒకటి తప్పకుండా పెట్టుకోండి, దాన్ని సూపులో కూడా కలపవచ్చు.

మొదటి రెండు మూడు రాత్రులు

భుజం నొప్పి వస్తే భయపడిపోకండి. లాప్రోస్కోపీలో, అంటే చిన్న గాట్ల ద్వారా చేసే ఆపరేషన్‌లో, పొట్టను ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. కొంత లోపల మిగిలిపోయి ఉదరవితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొరను, చికాకు పెడుతుంది, దాని నరం దారిలో నొప్పి భుజం దగ్గర తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, నడిస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. తగ్గే కొద్దీ తగ్గాలి. తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా, రోజురోజుకూ పెరుగుతున్నా అది గ్యాసు నొప్పి కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

వెల్లకిలా పడుకోవడం కన్నా వీపు కింద దిండ్లు పెట్టి తల వైపు ఎత్తుగా ఉంచుకుంటే హాయిగా ఉంటుంది. మంచం మీద నుంచి లేచేటప్పుడు నేరుగా పైకి లేవవద్దు. ముందు పక్కకు దొర్లి, కాళ్లు మంచం కిందికి వేలాడేసి, చేత్తో పరుపును నొక్కి లేవండి. దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా చిన్న దిండును పొట్టకు అదిమి పట్టుకోండి. నిద్రలో శ్వాస ఆగే సమస్యకు సీపాప్ యంత్రం వాడుతున్నవారు మొదటి రాత్రి నుంచే మళ్లీ వాడాలి. బరువు తగ్గుతున్నాం కదా అని సొంతంగా మానకూడదు. ఊపిరి పీల్చి బంతుల్ని పైకి లేపే మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి ఉంటే మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పదిసార్లు పీల్చండి. ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకోకుండా చూసేది అదే.

నొప్పికి ఇచ్చిన మాత్రలు మొదటి రెండు మూడు రోజులు వేళ ప్రకారం వేసుకోండి. నొప్పి ఉన్నవారు నడవరు, నడవనివారికి మిగతా చిక్కులన్నీ వస్తాయి. అయితే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ జాతి మాత్రలు వద్దు. ముఖ్యంగా బైపాస్ తర్వాత అవి అతుకు దగ్గర పుండు పడేలా చేస్తాయి. సాధారణంగా పారాసెటమాల్ ఇస్తారు. ఇంట్లో ఎవరో తలనొప్పికి వాడే మాత్ర చేతికి దొరికింది కదా అని వేసుకోకండి, వెనక రాసి ఉన్న మందు పేరు చదవండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవారు దాన్ని కొనసాగించాలో ఆపాలో డాక్టర్ చెప్పాలి. అది మీరు తీసుకునే నిర్ణయం కాదు.

నీళ్లు

ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తే ప్రధాన కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి. నీరు తగ్గితే వికారం వస్తుంది. వికారంగా ఉంటే తాగబుద్ధి కాదు. తాగకపోతే నీరు ఇంకా తగ్గుతుంది. ఒకసారి ఈ సుడిలో పడితే ఇంట్లో ఉండి బయటపడటం కష్టం, సెలైన్ ఎక్కించాల్సిందే.

రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు లక్ష్యంగా పెట్టుకోమంటారు. వాపు ఉన్న ఆ చిన్న గొట్టంలోకి అదంతా ఎలా పోతుందా అనిపిస్తుంది. లెక్క వేయండి: పావుగంటకు 30 మిల్లీలీటర్లు అంటే గంటకు 120. పద్నాలుగు గంటలు మెలకువగా ఉంటే 1,680. మొదటి రెండు మూడు రోజుల్లో అంత చేరకపోవచ్చు. రోజురోజుకూ పెరుగుతోందా లేదా అన్నది చూడండి. ఆ 30 మిల్లీలీటర్లనూ ఒకేసారి గొంతులో పోసుకోకూడదు, మూడు నాలుగు గుక్కలుగా తాగాలి. ఫోనులో పావుగంటకోసారి అలారం పెట్టుకోండి. దాహం వేసినప్పుడు తాగుదామనుకుంటే సాయంత్రానికి 400 దగ్గర ఆగిపోతారు.

చల్లటి నీళ్లు కొందరికి పడవు, గోరువెచ్చనివి సులువుగా దిగుతాయి. ఇంకొందరికి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. రెండూ ప్రయత్నించండి. ఉత్త నీళ్లు బరువుగా అనిపిస్తే చక్కెర లేని తేలికపాటి టీ, వడకట్టిన సూపు నీళ్లు కూడా లెక్కలోకే వస్తాయి. స్ట్రాతో తాగితే గాలి కూడా లోపలికి పోయి పొట్ట బిగుస్తుందని చాలా ఆసుపత్రుల్లో వద్దంటారు. గ్యాసు నింపిన పానీయాలు, చక్కెర వేసిన రసాలు అసలు వద్దు. కాఫీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చో మీ డైటీషియన్‌ను అడగండి, మొదటి నెల ఆగమనే చాలామంది చెబుతారు.

మూత్రం రంగే మీ కొలబద్ద. లేత పసుపులో ఉంటే పరవాలేదు. ముదురు రంగులో ఉన్నా, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా వెళ్లకపోయినా, లేచి నిలబడగానే కళ్లు తిరిగినా మీరు వెనకబడ్డారన్నమాట. ఇరవై నాలుగు గంటలుగా ద్రవాలు కూడా నిలవడం లేదంటే ఆసుపత్రికి వెళ్లాలి.

ద్రవాల నుంచి ముద్ద దాకా

సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు, ఆపైన రెండో వారం చివరిదాకా చిక్కని ద్రవాలు, మూడు నాలుగు వారాల్లో మెత్తగా మిక్సీ పట్టినవి, ఐదు ఆరు వారాల్లో చెంచాతో నొక్కితే నలిగే మెత్తని ఆహారం, ఆ తర్వాత నెమ్మదిగా మామూలు ఆహారం. మీ కాగితంలో వారం అటూ ఇటూ ఉండవచ్చు. ఒక దశ నుంచి ఇంకో దశకు గడువు కన్నా ముందు దూకకండి. పది రోజులకే చాలా బాగున్నాననిపిస్తుంది, అసలు తప్పులు జరిగేది అప్పుడే. ఒక దశలో పడకపోతే ముందు దశకు ఒకటి రెండు రోజులు వెనక్కి వెళ్లడంలో మాత్రం తప్పు లేదు.

ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే, ఒక గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. మొదటి రెండు వారాలు పొడి లేకుండా ఆ అంకె దగ్గరికి చేరడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రొటీన్ తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. అందుకే తినడం మొదలుపెట్టాక ప్రతిసారీ ముందు గుడ్డు, చేప, పెరుగు, మెదిపిన పప్పు వంటివి తినండి. కడుపులో చోటు మిగిలితే కూరగాయలు, దాని తర్వాతే మిగతావి. పాలు తాగగానే కడుపు ఉబ్బి విరేచనం అవుతుంటే పాలలోని చక్కెర పడటం లేదేమో చూడండి. ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా అవుతుంది, లాక్టోస్ లేని పాలకు మారితే సరిపోతుంది.

తినేటప్పుడు తాగవద్దు. భోజనం తర్వాత అరగంట ఆగి తాగండి, భోజనానికి ముందు ఎంతసేపు ఆగాలో మీ కాగితంలో ఉంటుంది. చెప్పడానికి సులువుగా ఉన్న ఈ నియమం పాటించడానికి అన్నిటికన్నా కష్టమైనది. తినే చోట నీళ్ల గ్లాసు కనిపించకుండా తీసేస్తే సగం పని అయినట్టే.

చెంచాలో సగం తీసుకోండి. నమలండి, నోట్లో ఉన్నది పల్చటి ముద్ద అయ్యేదాకా నమలండి. మింగాక చెంచా కింద పెట్టి ఒక నిమిషం ఆగండి. గిన్నె ఖాళీ చేయడం కాదు, కడుపు చెప్పే మాట వినడం నేర్చుకోవాలి. ఆ కడుపు ఇప్పుడు కొత్త భాషలో మాట్లాడుతుంది. కొందరికి ఎక్కిళ్లు వస్తాయి, కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి పెద్ద నిట్టూర్పు వస్తుంది. మీ గుర్తు ఏదో పది రోజుల్లో తెలిసిపోతుంది.

నాకు అది తెలిసిన తీరు చెబుతాను. నాలుగో వారంలో బాగా ఉడికించి మెదిపిన గుడ్డు తినవచ్చన్నారు. నెల రోజుల తర్వాత మొదటిసారి ఉప్పు, మిరియాల పొడి చల్లిన పదార్థం నోట్లో పడింది. మూడో చెంచా దగ్గర ఛాతీ మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టు అనిపించింది. గిన్నెలో ఇంకో చెంచాడే ఉంది కదా అని తినేశాను. ఆ తర్వాత ఇరవై నిమిషాలు సింకు మీద వంగి, నోట్లో ఊరుతున్న నురగలాంటి ఉమ్మును ఉమ్ముతూ నిలబడ్డాను. ముద్ద ఇరుక్కుంటే నోరు ఇలా ఊరుతుంది. అలాంటప్పుడు దాన్ని కిందికి తోయాలని నీళ్లు తాగకండి, నీళ్లు కూడా పైకే వస్తాయి. నిలబడండి, మెల్లగా నడవండి, అది దిగడమో బయటికి రావడమో జరుగుతుంది. ఆ పూట మళ్లీ తినకుండా తర్వాతి రోజు దాకా ద్రవాలతో సరిపెట్టుకోండి. మెత్తటి రొట్టె, ముద్దగా ఉడికిన అన్నం, పీచుగా ఉండే మాంసం ఇలా ఇరుక్కోవడంలో పేరు మోసినవి. వాటిని చివరికి ఉంచుకోండి.

చూసుకునేవారికి ఒక మాట. కష్టపడి వండినది రెండు చెంచాలకే పక్కన పెట్టేస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా ‘ఇంకొక్క ముద్ద’ అని మాత్రం అనకండి. ఆ ఒక్క ముద్దే వాంతి చేయిస్తుంది.

తీపి విషయానికి వస్తే, బైపాస్ చేయించుకున్నవారికి ఎక్కువగా, స్లీవ్ వారికి కొంత తక్కువగా డంపింగ్ అనే చిక్కు ఉంటుంది. చక్కెర పదార్థం పేగులోకి ఒక్కసారిగా దిగిపోయి, తిన్న పది నిమిషాల నుంచి అరగంట లోపు చెమటలు, గుండె దడ, కడుపు మెలిక, విరేచనం వస్తాయి. ఇంకో రకంలో గంట నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు వస్తుంది. మొదటి రకం వచ్చినప్పుడు పడుకోండి, ఏ రకమైనా ఏం తిన్నారో రాసుకోండి.

మందుల పెట్టె

ఇక్కడ రెండు వైపులా చూడాలి: కొత్తగా చేరేవి, పాతవాటిలో తగ్గేవి.

తగ్గేవాటితో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రమాదం అక్కడ ఉంది. షుగరు ఉన్నవారికి ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే, బరువు పెద్దగా తగ్గకముందే, మందుల అవసరం పడిపోవచ్చు. పాత మోతాదులోనే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి వాడితే చక్కెర బాగా పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో అడగకుండా వేసుకోకూడదు. తిండి బాగా తగ్గిన రోజుల్లో అవి రక్తంలో ఆమ్లం పెరిగేలా చేయగలవు, అదీ చక్కెర అంకె మామూలుగా కనిపిస్తూనే. రక్తపోటు మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేవి, నీరు తక్కువ తాగుతున్న మనిషిని పడేయగలవు. డిశ్చార్జి అయ్యేముందు పాత మందుల చీటీ తీసి ఒక్కొక్క పేరూ చదివి, ఉంచాలా, తగ్గించాలా, ఆపాలా అని అడిగి పక్కనే రాసుకోండి. ఇంట్లో చక్కెర, రక్తపోటు చూసుకుంటూ ఉండండి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను పొడి చేయకూడదు. పెద్ద మాత్ర దిగకపోతే ద్రవరూపం దొరుకుతుందేమో అడగండి.

చేరేవాటిలో యాసిడ్ తగ్గించే మందు కొన్ని నెలలు ఉంటుంది. త్వరగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది కాబట్టి చాలామందికి ఉర్సోడియోల్ ఆరు నెలలు ఇస్తారు. కొందరికి రక్తం గడ్డకట్టకుండా రెండు నుంచి నాలుగు వారాల పాటు ఇంట్లోనే వేసుకునే ఇంజెక్షన్లు ఇస్తారు. వాటిని బొడ్డు చుట్టూ కాస్త దూరం వదిలి, రోజుకో వైపు మార్చి వేసుకోవాలి, వేసిన చోట రుద్దకూడదు.

విటమిన్లు ఈ ఆరు వారాలకే కాదు, జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, విటమిన్ డి, కాల్షియం, అవసరాన్ని బట్టి ఐరన్. నోటి ద్వారా బి12 రోజుకు 350 నుంచి 1,000 మైక్రోగ్రాములు, కాల్షియం 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు మామూలుగా చెప్పే మోతాదులు. కాల్షియం సిట్రేట్ రూపంలో ఉంటే మంచిది, అది ఒంటబట్టడానికి కడుపులో ఆమ్లం అవసరం లేదు. ఒక్కసారికి 500 నుంచి 600 మిల్లీగ్రాములకు మించకుండా రోజంతా పంచుకోండి. ఐరన్, కాల్షియం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్యలో రెండు గంటల ఎడం ఉండాలి. నేను ఉదయం ఐరన్, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి కాల్షియం అని పెట్టుకున్నాను. బి12 నిల్వలు ఒంట్లో చాలాకాలం ఉంటాయి కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు. ఏడాదో రెండేళ్లో గడిచాక కాళ్లలో తిమ్మిర్లు మొదలైనప్పుడు ఈ మాత్ర గుర్తుకు రాకపోవచ్చు కూడా.

నడక, స్నానం, కుట్లు

ఇంటికి వచ్చిన రోజే నడవాలి. గదిలో ఐదు నిమిషాలు, రోజుకు ఐదారుసార్లు. రెండు మూడు రోజులకు కొన్ని నిమిషాలు పెంచుకుంటూ పోతే నాలుగో వారానికి అరగంట ఏకధాటిగా నడవగలుగుతారు. నడక వ్యాయామం కోసం కాదు, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటం కోసం. కూర్చున్నప్పుడు కూడా పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి.

నాలుగు నుంచి ఆరు వారాల పాటు ఐదు కిలోలకు మించి ఎత్తకండి. నీళ్ల బకెట్టు, గ్యాసు సిలిండరు, చంటిపిల్లలు కూడా ఇందులోకే వస్తారు. పిల్లలైతే మీరు కుర్చీలో కూర్చున్నాక ఎవరైనా ఒళ్లో పెట్టాలి.

కుట్ల మీద సబ్బు నీళ్లు పారనిచ్చి, రుద్దకుండా అద్ది తుడవండి. తొట్టి స్నానం, ఈత మూడు వారాలైనా వద్దు. పౌడర్లు, నూనెలు రాయకండి. చుట్టూ కొద్దిగా ఎరుపు, దురద మామూలే. ఎరుపు విస్తరిస్తున్నా, వేడిగా ఉన్నా, చీము కారుతున్నా చూపించండి.

మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది: తిండి తక్కువ, నీరు తక్కువ, ఐరన్, నొప్పి మందులు. రెండు మూడు రోజులకోసారి అయితే కంగారు లేదు. ముక్కకండి, విరేచనం మెత్తబడే మందు అడగండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

ఇది చదివి వదిలేయకుండా ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. ఎందుకంటే ఒంట్లో బాగాలేని మనిషి ‘పొద్దున్నే చూద్దాంలే’ అంటాడు.

అతుకు దగ్గర లీకు రావడం అరుదు, వస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికి వచ్చిన వారం రెండు వారాల తర్వాత కూడా రావచ్చు. పొట్ట మెత్తగానే ఉండవచ్చు, జ్వరం లేకపోవచ్చు, గుండె వేగం మాత్రం ముందే చెబుతుంది. కూర్చుని పది నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాక నాడి నిమిషానికి 120 దాటుతుంటే ఫోను చేయడం కాదు, బయలుదేరాలి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటిన జ్వరం, పెరుగుతున్న కడుపు నొప్పి, తగ్గాక మళ్లీ వచ్చిన ఎడమ భుజం నొప్పి, ఆయాసం, ‘ఏదో జరగబోతోంది’ అన్నట్టు లోపల కలిగే గాభరా కూడా అంతే. మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు నాడి, జ్వరం చూసి గోడ మీది క్యాలెండరులో రాయండి. మామూలు రోజున మీ అంకె ఎంతో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. ఉన్నట్టుండి ఊపిరి అందకపోతే, ఛాతీలో పొడిచినట్టు ఉంటే ఆ గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు. రక్తపు వాంతి, తారులా నల్లగా జిగురుగా వచ్చే మలం లోపలి రక్తస్రావానికి గుర్తులు. ఐరన్ మాత్రలతో కూడా మలం నల్లబడుతుంది గానీ అలా జిగటగా, దుర్వాసనతో ఉండదు. అనుమానంగా ఉంటే చూపించడమే మేలు.

రోజుల తరబడి వాంతులు అవుతుంటే ఇంకో ప్రమాదం ఉంది. థయమిన్, అంటే బి1, నిల్వలు కొద్ది వారాల్లోనే అడుగంటిపోతాయి. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాటల్లో తికమక దాని గుర్తులు. ఆలస్యమైతే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. వాంతులతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు గ్లూకోజు సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలన్న సంగతి గుర్తుచేయడానికి మొహమాటపడకండి.

ఫోను చేసినప్పుడు ‘బాగాలేదు’ అని మొదలుపెట్టవద్దు. ఏ ఆపరేషన్, ఏ తేదీ, ఇప్పుడు నాడి ఎంత, జ్వరం ఎంత, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది, ఈ రోజు ఎంత తాగారు. ఈ ఆరు మాటలు ముందు చెప్పండి. అవతలివారు వెంటనే అసలు విషయంలోకి వస్తారు.

తూకం, జుట్టు, మనసు

మూడో వారంలో చాలామందికి బరువు కదలదు. మొదటి రెండు వారాల్లో పడిపోయినదానిలో ఎక్కువ భాగం నీరు. ఒంట్లో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్, ఖర్చయ్యేటప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న నీరు కూడా పోతుంది, తర్వాత శరీరం కొంత సర్దుకుంటుంది. పొట్ట కోయించుకున్నా తగ్గడం లేదే అని ఏడ్చినవారిని నేను చూశాను, ఆ జాబితాలో నేనూ ఉన్నాను. వారానికి ఒక్కసారే తూగండి. అంతకన్నా మంచిది, తూకపు యంత్రాన్ని మంచం కిందికి తోసేయండి. వంగకూడదు కాబట్టి మళ్లీ తీయలేరు.

మూడో నెల నుంచి జుట్టు గుప్పిళ్లతో రాలవచ్చు. ఆపరేషన్ ఒత్తిడికి, తిండి తగ్గినదానికి చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్తాయి. కుదుళ్లు చావవు, కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ప్రొటీన్, ఐరన్ సరిగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

మనసు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను స్లీవ్‌లో తీసేసిన భాగంలోనే ఎక్కువగా తయారవుతుంది కాబట్టి కడుపు ఆకలి తగ్గుతుంది. కానీ కడుపు నిండినా కళ్లు నిండవు. విసుగు వచ్చినప్పుడు, కోపం వచ్చినప్పుడు, పండగ రోజున తినే అలవాటు అలాగే ఉంటుంది, తినే దారి మాత్రం మూసుకుపోయింది. రెండో వారంలో వంటింట్లోంచి వచ్చిన పోపు వాసనకు నాకు కన్నీళ్లు వచ్చాయి, ఆకలి మాత్రం లేదు. కొన్నాళ్లు ఇలా ఉంటుందని ఇంట్లోవారికి చెప్పండి. ఎందుకు చేయించుకున్నానా అన్న బాధ రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, డాక్టరుకు చెప్పండి, అదీ వైద్యంలో భాగమే.

తిరిగి పనుల్లోకి

కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది రెండు మూడు వారాల్లో వెళ్తారు, బరువు పనులకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం సగం పూట కుదిరితే అడగండి, మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంది. మత్తు కలిగించే నొప్పి మందులు ఆపాక, బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కినా పొట్టలో కలుక్కుమనదని ఆగి ఉన్న బండిలో పరీక్షించుకున్నాక నడపండి.

పొగ తాగడం పూర్తిగా మానాలి, బైపాస్ అతుకు దగ్గర పుండ్లకు అది పెద్ద కారణం. మద్యం ఇప్పుడు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది, కొత్తగా దానికి అలవాటు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. కనీసం మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా వద్దని చెబుతారు. ఆడవారికి ఇంకో విషయం: బరువు తగ్గగానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, కానీ 12 నుంచి 18 నెలల దాకా గర్భం దాల్చవద్దంటారు. బైపాస్ తర్వాత నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడటం సరికాదు, వేరే పద్ధతి గురించి ముందే మాట్లాడుకోండి.

మొదటి పరీక్ష ఒకటి రెండు వారాలకు, ఆపైన నెలకు, మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏటా రక్తపరీక్షలతో ఉంటుంది. వెళ్లేటప్పుడు నీళ్లు, ప్రొటీన్ రాసుకున్న పుస్తకం, నాడి, జ్వరం రాసిన క్యాలెండరు కాగితం, వాడుతున్న అన్ని మాత్రల పట్టీలు తీసుకెళ్లండి. పర్సులో ఒక చిన్న కాగితం పెట్టుకోండి: ఏ ఆపరేషన్, ఏ తేదీ, సర్జన్ ఫోను నంబరు, ‘ఐబుప్రోఫెన్ జాతి మందులు వద్దు, ముక్కు ద్వారా కడుపులోకి వేసే గొట్టాన్ని లోపల చూడకుండా వేయవద్దు’. మీరు స్పృహలో లేనప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.